భర్త నడపరాదు

అల్ సద్, దోహా
శనివారం

ప్రియమైన బావకు,

ఫోన్లో నువ్వు ఆఁ, ఊఁ, మంచిదే తప్ప నాలుగో మాట మాట్లాడవు. అడిగితే గదిలో అందరూ వింటున్నరంటావు. మెసేజ్ పెడితే చూడవు. అందుకే నువ్వు పనిచేసే హార్బరు నుంచి ఇక్కడి మార్కెట్టుకు చేపల వ్యాను నడిపే హమీదుద్దీన్ భాయ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. దీన్నైనా ఒక్కడివే కూర్చుని చదువుకో. జవాబు కూడా ఆయనకే ఇయ్యి. కాగితం చేపల వాసన వచ్చినా పరవాలేదు.

బండి దొరికింది. మా క్లినిక్‌లో ఇళ్ళకు తిరిగి రక్తం నమూనాలు తెచ్చే ఫిలిప్పీన్స్ అతను దేశం వెళ్ళిపోతూ తన మోటార్‌సైకిల్ అమ్ముతున్నాడు. బండి ఎవరు కొంటే ఆ డ్యూటీ వాళ్ళకే. ఆ డ్యూటీ చేసేవాళ్ళకు క్లినిక్ వెనక బిల్డింగులో ఫ్యామిలీ గది ఇస్తారు. బావా, మనకు గది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒకే దేశంలో ఉంటూ నువ్వు ఆ కొసన, నేను ఈ కొసన. మీ అమ్మ నాకు బండి మోజు అంటుంది. నిజమే, మోజే. లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పి మళ్ళీ రాసింది ఊరికే కాదు. కానీ గది కోసం కూడా.

ఇన్సూరెన్స్ లేనిదే బండి నా పేరు మీదికి రాదు. ఆ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్ దగ్గరి మనిషి, "ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా మేడమ్?" అన్నాడు. మా ఆయనకు లైసెన్సుంది, ఫుడ్ డెలివరీ చేశాడు అని గొప్పగా చెప్పాను. నా నోరే నాకు శత్రువు. నీ నంబరు కొట్టి, స్క్రీను చూసి, పక్క సీటతన్ని పిలిచి మరీ చూపించాడు. డివైడరును గుద్దింది, ఆగి ఉన్న కారును గుద్దింది, ఎర్ర సిగ్నల్ దాటి ఇంకో కారు మీదికి పోయింది, అన్నీ ఉన్నాయి. ఇద్దరూ ట్రైలర్ చూసినట్టు చూశారు.

"ఆద్మీ అచ్ఛా హోగా మేడమ్. రికార్డ్ అచ్ఛా నహీ" అన్నాడు. మనిషి మంచివాడే కావచ్చు, రికార్డే మంచిది కాదట.

నువ్వు ఇంటి మనిషివి గనుక బండికి ఇన్సూరెన్స్ ఇవ్వలేరట. ఒక్కటే దారి. ఈ బండిని భర్త ఎప్పుడూ, ఎక్కడా, ఏ అవసరానికీ నడపడని ఇద్దరమూ రాసివ్వాలి. నడిపితే ఇన్సూరెన్స్ లేనట్టే. అది పోతే డ్యూటీ పోతుంది, దాని వెనకే గది.

ఆ కాగితం ఇందులో పెట్టాను. నేనే వచ్చి నీ ముందు పెట్టాల్సింది. ముఖం చెల్లలేదు. కోపమొస్తే నా మీద చూపించు, కాగితం మీద చూపించకు.

నీ
సుహాసిని

---

మదీనత్ అల్ షమాల్

సుహా,

మంచిగున్నవా? సంతకం పెట్టిన. హమీదుద్దీన్ అన్న వేలు పెట్టి చూపిచ్చిన కాడనే పెట్టిన గని గీత మీద నిలవలే. వాళ్ళేమన్న అంటె ఐసు గోదాంల చేతులు కొంకర్లు పోయినయని చెప్పు.

కోపం ఎందుకొస్తది? వాళ్ళు అబద్ధం చెప్పిండ్రా? పెండ్లిల నీ యెంట ఏడడుగులు నడిపిచ్చిండ్రు. ఇప్పుడు నీ బండికి ఏడడుగులు దూరం ఉండుమంటున్నరు. ఉంట. మా గదిల రాజేశం బాపు ఉన్నడు గద, ఆయనకు సంగతి తెల్సి, "ఇయ్యాల బండి ముట్టొద్దన్నది, రేపు పిల్లను ముట్టొద్దని ఇంకో కాగితం తెస్తరు, దాని మీద సుత గీకుతవారా?" అన్నడు. గదంత నవ్విండ్రు. నేను సుత నవ్విన.

నాలుగు ముచ్చట్లు చెప్త, మనసుల పెట్టుకో. రోడ్డు మీద ఇసుక పడ్డకాడ బ్రేకు కొట్టకు, బండిని దాని మానాన పోనియ్యి. రౌండబౌట్ల కాడ పెద్దబండ్లతోని పంతానికి పోకు. ఉత్తరం గాలి లేసిన దినం ఇటు దిక్కు రాకు. సిగ్నల్ పచ్చగైనా సరే రెండు దిక్కుల చూసినంకనే కదులు. నాలెక్కటోడు వస్తుంటడు.

ఇంకోటి. నీ అక్షరాలు చీమలబారు లెక్క ఉన్నయ్. జర పెద్దగ రాయి. నల్లపెన్ను తోని రాయి.

గది వస్తె కిటికీ ఉంటదా అడుగు.

ఉంట మరి,
సురేందర్

---

అల్ సద్

నా బంగారు బావా,

ఇదిగో, పలక మీద రాసినట్టు పెద్దగా, నల్లగా రాస్తున్నాను. సర్కారు బడి పిల్లనైపోయాను.

ఇన్సూరెన్స్ వచ్చింది. నీ సంతకం చూసి కౌంటర్ మనిషి, "సంతకం కూడా గీత దాటుతుందే" అన్నాడు. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. క్షమించు. పాలసీ మీద నా పేరు కింద ఒక్క వాక్యం కొట్టి ఇచ్చారు: భర్త నడపరాదు. బండి సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా సీటు గుచ్చుకున్నట్టుంటుంది.

కానీ బావా, బండి మీద ఈ ఊరే వేరు. బస్సులోంచి చూస్తే అన్నీ గోడలే. ఇప్పుడు ఆ గోడల వెనక ఏ ఇంట్లో ఏం వండుతున్నారో వాసనను బట్టి చెప్పగలను. వెనక ఐసు డబ్బాలో వాళ్ళ రక్తం. ఒక ముసలమ్మ నా హెల్మెట్ తట్టి, "మాఫీ ఖౌఫ్?" అంటుంది, భయం లేదా అని. ఉంది, కానీ నడుస్తున్నప్పుడు ఉండదు, ఆగినప్పుడే వస్తుంది అని చెప్పేంత అరబ్బీ నాకు రాదు. తల అడ్డంగా ఊపి వచ్చేస్తాను.

గది సంతకాలు నడుస్తున్నాయి. కిటికీ ఉంది, అడిగాను. రోడ్డు వైపే.

ఈ శుక్రవారం వస్తున్నాను. హార్బరు గేటు దగ్గర ఉండు. నిన్ను వెనక కూర్చోబెట్టుకుని సముద్రం వెంట తిప్పుతాను.

ఎదురుచూస్తూ
నీ సుహా

---

అల్ సద్
శనివారం

సురేందర్‌కు,

బావా అని రాయబుద్ధి కాలేదు.

నిన్న అంత దూరం గాలిలో బండి నడుపుకుంటూ వచ్చాను. నువ్వు గేటు దగ్గర ఖాళీ డబ్బాల మీద కూర్చున్నావు. హెల్మెట్ తీసి నీ ముందు నిలబడితే నా ముఖంలోకి చూసి, "ఎవలమ్మా?" అన్నావు. పరాచికమనుకుని నవ్వాను. తర్వాత నువ్వు నవ్వకపోతే నవ్వు నా నోట్లోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఒక్కసారన్నా నా ముఖం చూశావా? నేను మాట్లాడుతున్నంతసేపూ నా భుజం మీదుగా అటెక్కడో చూస్తూ కూర్చున్నావు. గది గురించి చెప్పాను, అటే చూశావు. ఏడుపొచ్చింది, అప్పుడూ అటే చూశావు. చాయ్ పోయమంటే గ్లాసు పక్కన పోశావు, అంత పరధ్యానం. వెనక కూర్చో అంటే, "వద్దు, పోయిరా" అన్నావు. మీ గదివాళ్ళు "సురేందర్‌కు డ్రైవరమ్మ దొరికింది" అని అరిచినప్పుడు నీ మెడ బిగుసుకోవడం నేను చూశాను. నేనన్నీ చూస్తాను.

ఆ సంతకం నవ్వుతూ పెట్టానని రాశావు గానీ నీ మనసులో ముల్లు దిగింది. భార్య ముందు, భర్త వెనక, అదీ నీ బాధ. మగతనం అడ్డొచ్చింది. అంతకన్నా రెండు తిట్టి ఉంటే బాగుండేది.

గది ఖాయమైంది. వచ్చే శుక్రవారం తాళం ఇస్తారు. భర్త వచ్చి చేరకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట. వస్తావో రావో రాయి.

సుహాసిని

---

మదీనత్ అల్ షమాల్

సుహా,

నేను రాను. రావద్దని కాదు. కంపెనీ నన్ను ఇంటికి తోలుతున్నది.

గోదాంల ఫోర్కులిఫ్టు ఎదురుంగ వస్తుంటె దానికే ఎదురు నడిచిన. డ్రైవరు తిప్పుకున్నడు గని లేకుంటె ఇగ ఈ ఉత్తరమే ఉండకపోవు. సూపర్‌వైజరు డాక్టర్ కాడికి పట్కపోయిండు. ఆ డాక్టర్ చెప్పిన ముచ్చట నాకు ముందే తెల్సు. మూడో యాక్సిడెంట్ అయినంక వేరే డాక్టర్ చెప్పిండు.

కండ్లు పోతున్నయ్ సుహా. అంత పోలె. సక్కగ చూస్తె నడుమ ఒక మబ్బు ముద్ద నిలవడుతది. అంచులు కనవడుతయ్. ఆ దినం ఎర్రలైటు దిక్కే చూసిన. అది ఆ మబ్బుల పడ్డది. లైటు లేదనుకున్న, పోయిన. డివైడరు సుత అట్లనే. అప్పుడు నిద్ర తక్కువైందనుకున్న, అద్దాలు మార్పిచ్చిన.

నీకెందుకు చెప్పలేదంటె, మంచిగ నడపరానోడు అంటె ఓర్సుకోవచ్చు. ఇయ్యాల రాకుంటె రేపు నేర్సుకుంటడంటరు. కండ్లు పోతున్నోనికి రేపు అనెటోడెవడు? ఆ కాగితం వచ్చిన దినం నాకు పానం నిమ్మలమైంది. జర నడుపు బావా అని నువ్వెన్నడన్న అంటె ఏం చెప్పాలె అనే భయం ఉండె. ఇగ కాగితమే చెప్తది.

వెనుక ఎందుకు కూసోలేదంటె, కాలు పెట్టేది ఎక్కడున్నదో తడుముతుంటె నీకు తెల్సిపోతది. నువ్వు అన్నీ చూస్తవు గద.

నీ ముఖం దిక్కు చూస్తె నీ ముఖం పోతది సుహా. నీ పక్కకు చూస్తెనే నువ్వు కనవడుతవు. నువ్వు ఏడుస్తుంటె నేను ఏడికో చూడలే. నిన్నే చూసిన. ఎడమ కంటి కింద తుడుసుకున్నవు, ఔనా?

వచ్చే శుక్రవారమే విమానం, పగటీలి. నువ్వు నౌకరి ఇడవకు. బండి అమ్మకు. నాయెంట వస్త అనకు. ఇద్దరం పోతె ఇద్దరం కూసుండుడే.

నీ ఉత్తరాలన్నీ హమీదుద్దీన్ అన్ననే చదివిండు. రాసుడు మాత్రం రెండుసార్లు నేనే రాసిన, అట్ట ముక్క ఆనిచ్చుకొని. వంకర పోతె మాఫ్ చెయ్యి.

సురేందర్

---

అల్ సద్

బావకు, ఈ ఉత్తరం చదువుతున్న హమీదుద్దీన్ భాయ్‌కు,

భాయ్, మీకు ముందు దండం. మా కొట్లాటలన్నీ మీ నోటి మీదుగానే పోయాయని తెలిసి సిగ్గుతో చచ్చాను. "నా బంగారు బావా" అని కూడా మీరే చదివారు కదా. మగతనం అన్న మాట దగ్గర గొంతు తగ్గించారో లేదో నాకు చెప్పొద్దు. దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి.

బావా, నేనన్నీ చూస్తానని రాశాను. నీ సంతకం గీత దాటిపోవడం చూశాను. గ్లాసు పక్కన పారిన చాయ్ చూశాను. రోజూ పది ఇళ్ళలో మనుషుల నరం ఎక్కడుందో వేలు పెట్టి చెప్పేదాన్ని. ఎదురుగా కూర్చుని నన్ను చూసుకుంటున్న మనిషిని పట్టుకుని పక్కచూపులన్నాను. ఔను, ఎడమ కంటి కిందే.

తాళం వద్దని చెప్పేశాను. వెళ్ళి గది మాత్రం చూశాను. కిటికీలోంచి సిగ్నల్ కనిపిస్తుంది. దాని దగ్గర నిలబడి ఎరుపు, పచ్చ మారడం చూశాను. ఆ గదిలోకి కేరళ జంట వస్తుందట.

నీతో వచ్చేద్దామని రెండుసార్లు రాజీనామా రాసి చింపాను. నువ్వు చెప్పినట్టే ఉంటున్నాను. చెప్పావని కాదు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చేమో అని మా క్లినిక్ డాక్టరమ్మ అంది. ఆ ఏమో కోసం ఒకరం సంపాదించాలి. ఇందులో నాకు సంతోషమేమీ లేదు. ఆ ముసలమ్మ ఈ రోజు కూడా హెల్మెట్ తట్టి మాఫీ ఖౌఫ్ అని అడిగింది. ఈసారి తల ఊపలేదు.

ఇన్సూరెన్స్ ఆఫీసుకు మళ్ళీ పోయాను. భర్త వెనక కూర్చోవచ్చా అని అడిగాను. ఆ మనిషి నన్ను వింతగా చూసి, "బైఠ్ సక్తే హై మేడమ్, సిర్ఫ్ హ్యాండిల్ నహీ" అన్నాడు. కూర్చోవచ్చట, హ్యాండిల్ మాత్రం పట్టకూడదట. నీ రికార్డు మీద ఇంకా ఆ మూడూ ఉన్నాయి. అవి తప్పులు కావని చెప్పబోయాను. చెబితే ఏం రాసుకుంటాడు? వచ్చేశాను.

శుక్రవారం పొద్దున్నే వస్తాను. హమీదుద్దీన్ భాయ్ నీ సామాను వ్యానులో ముందు తీసుకుపోతాడు. నువ్వు నా వెనక కూర్చో. కాలు పెట్టేది వెతుక్కోకు, నేనే దిగి నీ పాదం పట్టి పెడతాను. మీ వాళ్ళు డ్రైవరమ్మ అని అరిస్తే అరవనీ. రెండు చేతులూ నా భుజాల మీద వెయ్యి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎర్రదో పచ్చదో నేను గట్టిగా చెబుతాను. ఇసుక మీద బ్రేకు కొట్టను. రెండు వైపులా చూసే కదులుతాను.

ఎయిర్‌పోర్టులో లోపలికి పోయేముందు నన్ను చూడాలనుకుంటావు. చూడు. నా ముఖం వైపు కాదు, నా భుజం అవతలికి చూడు. నీకు నేను మొత్తం కనిపించేదాకా కదలకుండా నిలబడతాను.

నీ డ్రైవరమ్మ
సుహాసిని