మూడో పెట్టెలో పడిన చీటీ

హార్లో ద్వీపం,
1888 అక్టోబరు 9

ప్రియమైన హేగర్ అక్కకు,

ముందుగా నా భాష లేమిని మన్నించమని కోరుతున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాడిని. రాత్రి బడి పట్టా గోడకు వేలాడుతున్నప్పటికీ, వాక్యం మొదలుపెట్టిన ప్రతిసారీ పడవకు కొత్త పలక బిగిస్తున్నట్టే ఉంటుంది. ఎక్కడో నీరు కారుతుందేమోనని భయం. తప్పులుంటే దిద్ది తిప్పి పంపు.

ఎన్నికలు నాలుగు వారాల్లోకి వచ్చాయి. ఈసారి కూడా పదవికొక పెట్టె. గవర్నరుకు ఒకటి, రాష్ట్ర సెనేటుకు ఒకటి, షెరీఫు వగైరాలకు ఒకటి, వాషింగ్టన్‌లో కూర్చునే కాంగ్రెస్ సభకు ఒకటి, మొత్తం ఎనిమిది. ఒక పెట్టెలో వేయవలసిన చీటీ మరొకదానిలో పడితే ఆ ఓటు చెల్లదు. బానిసత్వం నుంచి బయటపడిన మన నల్లవాళ్ళకు పెట్టె మీది పేరు చదవడం రాదన్న ధైర్యంతోనే దొరలు ఈ చట్టం చేశారు. రాష్ట్రంలోని ఏడు నియోజకవర్గాల్లో ఆరు ఇదివరకే దొరల పార్టీ చేతికి పోయాయి. మనవారు ఎక్కువగా ఉన్న ఈ ఏడోది ఒక్కటే మిగిలింది.

అందుచేత నేను ఇరవై ముగ్గురితో ఒక తరగతి నడుపుతున్నాను. అడిగినవారికి పెట్టె పేరు చదివి వినిపించాలని చట్టంలో ఉన్నమాట నిజమే. కాని చదివేది పోలింగు అధికారి పిండర్ దొర. ఆయన నోటివెంట వచ్చే పేరు కోసం మనం చేతులు కట్టుకుని నిలబడడం నాకు సమ్మతం కాదు. ఎవరూ అడగకూడదని మా తరగతిలో నియమం పెట్టాను.

క్వాష్ బాబాయి అందరికంటే ముందు వచ్చి కూర్చుంటున్నాడు. డెబ్బై ఏళ్ళ వయసులో వేసవి అంతా కష్టపడి ఒకే ఒక్క మాట నేర్చుకున్నాడు: కాంగ్రెస్. "మిగతా ఏడు పెట్టెలు నాకెందుకురా? ఏ పెట్టెలోంచి మనోడు వాషింగ్టన్ పోతాడో అది చూపించు, చాలు" అంటాడు.

అందరూ మన పార్టీ అచ్చువేసిన కాంగ్రెస్ చీటీ ఒక్కటే వేస్తారు. నేను మాత్రం చట్టం చెప్పిన కొలతకు తెల్ల కాగితం కత్తిరించి, అభ్యర్థి పేరు నా చేతితోనే రాసుకుంటాను.

ఇట్లు నీ తమ్ముడు,
మింగో ఫ్రిప్, రాత్రి బడి పట్టభద్రుడు

*

కొలంబియా,
అక్టోబరు 20

ప్రియమైన తమ్ముడు మింగోకి,

నీ ఉత్తరం చదువుతుంటే కోర్టు కాగితం అందుకున్నట్టు గుండె దడదడలాడిందిరా. పట్టా సంగతి సంతకంలో కూడా రాయాలా? నీ ముక్కు మీద నేను తుడిచిన చీమిడి నాకు గుర్తే.

నేను బాగానే ఉన్నా. ఈ భోజన వసతి గృహంలో అందరూ లాయర్లే. వాళ్ళ చొక్కాలకి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తా, వాళ్ళు చదివి పారేసిన పేపర్లు నేను చదువుతా. మా దగ్గర ఓటుకి వెళ్తామన్న మాటే ఎవరూ ఎత్తట్లేదు. మీ ఏడోది గెలిస్తే ఆ పూట మేమూ గెలిచినట్టే అనుకుంటాం.

ఒక్క మాట. చట్టం అడగొచ్చు అన్నప్పుడు అడిగితే ఏం పోతుందిరా? పిండర్ పేరు తప్పు చదివితే నీలాంటోడు పక్కనుండి దిద్దొచ్చు కదా. బాబాయిని ఊరికే కేకలెయ్యకు. అమ్మని అమ్మేసినప్పుడు మనిద్దర్నీ చెరో భుజాన మోసిన మనిషి ఆయన.

మీ అక్క,
హేగర్

*

హార్లో ద్వీపం,
నవంబరు 12

ప్రియమైన అక్కకు,

నీకు శుభవార్త రాయాలని కొత్త పాళీ కొన్నాను. దానితో ఇది రాయవలసి వచ్చింది.

ఆరో తేదీ ఉదయం మా తరగతి అంతా కడిగిన బట్టలు కట్టుకుని, వరుసగా నడిచి, పోలింగు జరిగే దుకాణానికి వెళ్ళాము. అందరికంటే ముందు నేను, నా వెనుక బాబాయి, ఆయన వెనుక మిగిలినవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ క్రమశిక్షణను నువ్వు చూడవలసింది.

పోలింగు ముగిశాక లెక్కింపును చూడడానికి పార్టీ తరఫున నేను కూర్చున్నాను. కాంగ్రెస్ పెట్టె తెరిచారు. ఇక్కడ మన పార్టీ చీట్లు వేసింది మేము ఇరవై నలుగురమే; వాటిలో నాలుగే అందులో ఉన్నాయి. మిగిలిన ఇరవై రాష్ట్ర సెనేటు పెట్టెలో దొరికాయి. పిండర్ దొర వాటిని ఒక్కొక్కటిగా పైకెత్తి చూపించి, చింపి బల్ల కింద పడేశాడు. మనుషులు వస్తూ పోతూ ఉండగా పెట్టెల వరుస మార్చారని మనవాళ్ళు అంటున్నారు. మార్చే ఉంటారు. కాని మార్చినా చదివి గుర్తుపట్టడం కోసమే కదా నేను ఐదు నెలలు నేర్పింది!

ఆదివారం ప్రార్థన గదిలో నేను అదే అడిగాను. బాబాయిని పేరు పెట్టే అడిగాను. "నీ చెయ్యి మూడో పెట్టెలోకి, ఆ సెనేటు పెట్టెలోకి, వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఒక్క మాట, ఒక్క రోజు గుర్తుంచుకోలేకపోయావా?" అన్నాను. ఆయన టోపీ చేతిలో తిప్పుతూ, "చూశావా నాయనా? చూస్తే చూసే ఉంటావులే" అని ఊరుకున్నాడు. తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. మన నియమం నీకు తెలుసు. తగవు తీరనివాడు ప్రార్థన చివర అందరూ గుండ్రంగా తిరుగుతూ పాటలు పాడే వలయంలో అడుగు పెట్టకూడదు. ఆయన గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు.

ఇట్లు,
మింగో ఫ్రిప్, రాత్రి బడి పట్టభద్రుడు

*

కొలంబియా,
నవంబరు 25

ప్రియమైన తమ్ముడికి,

ఫలితాలన్నీ పేపర్లో వేశారు. ఒకటో నియోజకవర్గం వాళ్ళది. రెండు వాళ్ళది. మూడు, నాలుగు, ఐదు, ఆరు, అన్నీ వాళ్ళవే. మీ ఏడోది కూడా వాళ్ళకే రాశారు. ఏడింటికి ఏడూ. వంటగదిలో నిలబడి వేలితో ఆ వరుస రెండుసార్లు చూసుకున్నా. పైన భోజనాల గదిలో చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టిన చేతుల చొక్కా కఫులకే నేను గంజి పెట్టాలి.

కానీ విను. మన అభ్యర్థి ఈ ఫలితం ఒప్పుకోవట్లేదు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ ముందే తేల్చుకుంటాడంట. అక్కడ ఇప్పుడు మన పార్టీదే పైచేయి. జనవరిలో ఊరూరా సాక్ష్యాలు తీసుకుంటారు. పెట్టెలు జరిపారని మనవాళ్ళు చెప్తే, "నీకు చదువే రాదు, జరిపారని నీకెలా తెలుసు?" అంటారు ఆ లాయర్లు. చదువొచ్చినోడు చెప్తే నోరు మూసుకోవాలి. అంటే ఆ ద్వీపం మొత్తానికి నువ్వే.

ఇంకోటి. నువ్వు లెక్కంతా రాశావు, నీ చీటీ సంగతి రాయలేదు. ఆ నాలుగింట్లో నీదొకటే కదా?

బాబాయిని అందరి ముందూ అలా అనాల్సింది కాదు. వెళ్ళి వలయంలోకి పిలుచుకురా.

అక్క,
హేగర్

*

హార్లో ద్వీపం,
1889 జనవరి 28

ప్రియమైన అక్కకు,

పడవల పని ఎక్కువగా ఉండి జవాబు ఆలస్యమయింది.

నువ్వు కోరినట్టే సాక్ష్యం ఇచ్చాను. మనవారు ఇద్దరు నాకంటే ముందు చెప్పారు. ఎదుటిపక్షం లాయరు వారి చేతికి వార్తాపత్రిక ఇచ్చి చదవమన్నాడు; వారు తల దించుకున్నారు. నాకు కుర్చీ వేశారు. ఆ లాయరు నన్ను "మిస్టర్ ఫ్రిప్" అని సంబోధించాడు. ఈ ద్వీపంలో ఒక తెల్లవాడు మనలో ఒకరిని అలా పిలవడం ఎవరూ విని ఉండరు. అడిగిన ప్రశ్నలకు స్పష్టంగా జవాబిచ్చాను. అంతకుమించి రాయడానికి ఏమీ లేదు.

బాబాయి క్రిస్మస్ తరువాతి రోజు నుంచి కనబడడం లేదు. ఇంటికి తాళం కూడా వేయలేదు. పొయ్యి మీద కుండలో అన్నం అలాగే ఉంది. అవతలి ఒడ్డున పీతలు పట్టేవాళ్ళను విచారించాను. నీకు ఏమైనా తెలిస్తే రాయగలవు.

ఇట్లు,
మింగో ఫ్రిప్

*

కొలంబియా,
ఫిబ్రవరి 10

మింగోకి,

బాబాయి నా దగ్గరున్నాడు. సగం దూరం నడిచి, సగం దూరం ఎవరి బండో పట్టుకుని వచ్చాడు. రాయొద్దు రాయొద్దు అంటే ఇన్నాళ్ళూ ఆగా. ఇప్పుడు దగ్గు పట్టుకుంది, గంజి కూడా దిగట్లేదు. డాక్టరు మొహం చూస్తే నాకు ఆశ లేదు.

పొద్దున్నే లేచి కూర్చుని, "ఆ మాట రాయమ్మా" అంటాడు. బొగ్గుతో రాస్తా. చదువుతాడు. పది మాటల మధ్య దాచి రాసినా, తలకిందులుగా పెట్టినా, వేలు సరిగ్గా దాని మీదే పెడతాడు. నిన్న అడిగా, "మరి ఆ రోజు ఎందుకు తప్పావు బాబాయ్?" అని. గోడ వైపు తిరిగి, "అది మింగోని అడుగు" అన్నాడు.

ఇక నేను విన్నది చెప్తా. మొన్న నేను మెట్ల కింద ఇస్త్రీ చేస్తుంటే, పైన భోజనాల దగ్గర ఒక లాయరు నవ్వుతూ అంటున్నాడు, "హార్లో ద్వీపంలో మాకేం చిక్కు రాలేదండీ. చదువొచ్చిన నల్లవాడే ఒట్టేసి చెప్పాడు, పెట్టె పేరు చదివాను, చీటీ అందులోనే వేశాను అని. చదువొచ్చినోడికి దొరికిన పెట్టె మిగతావాళ్ళకి దొరక్కపోతే తప్పు పెట్టెదా?" ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది, చొక్కా కాలింది.

నువ్వు ఏ పెట్టెలో వేశావురా? ఆయన ఉండగానే రాయి.

హేగర్

*

హార్లో ద్వీపం,
ఫిబ్రవరి 18

ప్రియమైన అక్కకు,

మూడో పెట్టెలో వేశాను.

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. నేను లోపలికి వెళ్ళినప్పుడు మూడోదే కాంగ్రెస్ పెట్టె. స్పష్టంగా చదివాను. చీటీ తీసి చెయ్యి చాచబోతుంటే పిండర్ దొర కౌంటరు చివరి నుంచి పిలిచాడు. "ఏమయ్యా ప్రొఫెసర్, అది నువ్వు చేత్తో రాసిందా? ఏదీ, ఇలా చూపించు! మా గుమాస్తాకి కూడా రాదు ఇంత గుండ్రంగా" అన్నాడు. నేను అటు తిరిగి, చీటీ వెలుతురుకు ఎత్తి చూపించాను. ఎంతసేపు చూపించానో చెప్పలేను. అక్కా, నాకు సంతోషం కలిగింది. నా వీపు వెనుక చెక్క మీద చెక్క జరిగిన చప్పుడు వినబడింది. విన్నాను, తిరిగి చూడలేదు. ఒకసారి చదివినదాన్ని అందరి ముందూ మళ్ళీ చదివితే కూడబలుక్కుంటున్నానని నవ్వుతారేమో అనిపించింది. చూడకుండానే మూడోదానిలో వేశాను.

అప్పుడు బాబాయి చెయ్యి ఐదో పెట్టె మీదికి వెళ్ళింది. ఆయన చదివాడు. అదే కాంగ్రెస్ పెట్టె, అప్పటికి అక్కడికి మారింది. పెట్టె సందు దాకా వెళ్ళిన చీటీని ఆపి, ఆయన నా ముఖంలోకి చూశాడు. గురువు మూడోదానిలో వేశాడు గనుక తన కళ్ళే తప్పని అనుకుని ఉంటాడు. చెయ్యి వెనక్కి తీసుకుని మూడోదానిలో వేశాడు. ఆయన వెనుకవారు మా ఇద్దరినీ చూసి వేశారు. నలుగురు మాత్రం తమ కళ్ళను నమ్ముకున్నారు. ఆ నలుగురెవరో నాకు తెలియదు. వారిలో నేను లేను.

లెక్కింపులో ఆ ఇరవై చీట్లలో ఒకటే చేతిరాతది. పిండర్ దొర దానిని పైకెత్తి, "చేతిరాత ముచ్చటగా ఉందే. ఎవరిదో?" అన్నాడు. నేను నా బూట్ల వైపు చూశాను.

సాక్ష్యం రోజున నిజం చెప్పాలనే వెళ్ళాను. చదువు వచ్చినవాడే మోసపోయాడంటే అంతకంటే రుజువు ఏం కావాలని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. "మిస్టర్ ఫ్రిప్, మీరు చదువుకున్నవారు కదా, మీకు పెట్టె తెలియకపోవడం ఉండదు కదా?" అన్నాడు లాయరు. గుమ్మం దగ్గర, బాబాయి తప్ప, నా తరగతి అంతా నిలబడి ఉంది. "ఉండదు" అన్నాను. తరువాతి జవాబులు వాటంతట అవే వచ్చాయి.

నీ ఉత్తరం అందిన రోజే సాక్ష్యాలు రాసుకున్న అధికారి దగ్గరికి వెళ్ళాను. గడువు దాటిపోయిందన్నాడు. ఒకసారి ఒక విధంగా, మరోసారి మరో విధంగా ఒట్టు వేసేవాడి మాటకు బరువుండదని కూడా అన్నాడు. ఏడో నియోజకవర్గం ఏమవుతుందో తెలియదు. ఒకవేళ మనవాడు గెలిచినా, హార్లో ద్వీపం ఓట్లు ఇరవై అందులో ఉండవు. అది నా పని.

నిన్న ప్రార్థన గదిలో నిలబడి ఇదంతా చెప్పాను. బాబాయి పొరుగున ఉండే సిపియో అన్నాడు: "కొత్త సంగతేముంది మింగో? మేమంతా నీ చెయ్యి చూసే కదా వేసింది. నువ్వే చెప్తావని కూర్చున్నాం. ఆ ముసలాయన కూడా అందుకే కూర్చున్నాడు, గుమ్మంలో." ఇక ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పాట మొదలైంది; నన్ను ఎవరూ పిలవలేదు, నేను లేవలేదు.

రేపటి పడవకు బయలుదేరుతున్నాను. కాని ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుంది. అందుచేత నీ తరువాత దీనిని ఎవరు చదవాలో రాస్తున్నాను. ఏ లాయరుకూ చూపించవద్దు, దానివల్ల ఇప్పుడు ఎవరికీ ఉపయోగం లేదు. బాబాయికి ఇవ్వు. నేను వచ్చేదాకా ఆగవద్దు. ఆయన మంచం పక్కన కూర్చుని, నా తప్పు ఒక్కటీ తగ్గించకుండా, గట్టిగా చదివి వినిపించు. ఆయనకు తెలిసిన మాట ఇందులో రెండు చోట్ల ఉంది, కాని రెండో పేరాలోను మూడో పేరాలోను కాగితం తడిసి అది చెదిరిపోయింది గనుక, కింద మళ్ళీ పెద్ద అక్షరాలతో రాశాను. అక్కడికి వచ్చాక నువ్వు ఆగు. అది ఆయన చదువుతాడు.

మింగో

కాంగ్రెస్