చింతపండు తగలని చోటు

ఆదివారం

మా ఆయన తాతగారి రైఫిల్ లైసెన్సు నా పేరుకి మారాలంటే తుపాకి మీద నంబరు కనపడాలి. లేదంటే దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించేయాలి. ఆ నంబరేమో అరిగిపోయింది. మా ఆయన బతికున్నన్నాళ్లూ ప్రతి ఆయుధ పూజకూ తుపాకిని చింతపండు, ఇటుక పొడి వేసి తోమేవారు.

పాత తుపాకులకు వెల కట్టే ఖాదర్ సాబు ఈరోజు ముళబాగిలు నుంచి వచ్చాడు. గొట్టం చూసి నవ్వాడు.

"ఏమ్మా, ఇది తుపాకినా, ఇత్తడి చెంబా? సగం వెల తోమేసినారు గదా!"

"మా వారినేమీ అనద్దప్పా. నంబరు దొరుకుతాదా లేదా, అది చెప్పు."

సాబు మరలు విప్పి గొట్టాన్ని చెక్కలోంచి పైకి లేపాడు. అడుగు వైపు ఇనుము నల్లగా, ఎవరి చేయీ తగలనట్టుగా ఉంది. మనవరాలు సుమ ఫోను లైటు వేసింది.

"అవ్వా, నంబరుండాది! కంపెనీ ముద్ర కూడా ఉండాది!"

"అరవొద్దే, చదువు" అన్నాను. లైసెన్సులోని నంబరే అది. తుపాకితో పాటు డబ్బాలో దాచిన పాత తూటాలు మాత్రం ప్రమాదమట, ముట్టకుండా పోలీసులకు చెప్పమన్నాడు సాబు.

స్టేషన్లో ఏమంటారో రేపు చూడాలి. తుపాకి ఇంట్లోనే ఉంటుందనిపిస్తోంది. ఈసారి పూజకు గొట్టానికి నూనె గుడ్డ, చెక్కకు బొట్టు, అంతే. ఆయనకు కోపమొస్తే రానీ.