మోతి చెవులు

ప్రమాది నామ సంవత్సరం, భాద్రపద మాసం, శుక్రవారం రాత్రి

మా కుక్క మోతిని ఈ రోజు బండిలో కర్నూలు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. చెవులు కోయించిన చోట ఈగలు వాలి పురుగులు పడ్డాయి. దారి పొడవునా అది నా ఒళ్లోనే తల పెట్టుకుంది. ఆ వాసనకు నేనే మొహం తిప్పుకున్నాను.

"ఎవరప్పా కోసింది?" అని డాక్టరు అడిగాడు.

"మా గొర్రెలు కాసే ఎంకటన్న" అన్నాను.

"నోరులేనిదాన్ని ఇట్లా చేసినాడే, వానికేం పొయ్యేకాలం!"

నేనూ తల ఊపాను.

ఎంకటన్న వద్దనే అన్నాడు. "వానలు పడతాండాయి, ఈగలు ముసురుతాయిరా" అని అమ్మ కూడా చెప్పింది. బేతంచెర్ల గని దొర కుక్కకు మల్లే మోతి చెవులు నిక్కి ఉండాలని పట్టుబట్టింది నేను.

కోసిన ముక్కలు దానికే తినిపిస్తే పౌరుషం వస్తుందని మావైపు అంటారు. జొన్నరొట్టెలో చుట్టి నేనే పెట్టాను. నెత్తురు కారుతున్నా తోక ఊపుతూ తినింది. ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. ఇక్కడ రాయడానికే చెయ్యి రావడం లేదు.

"చీము శానా లోపలికి దిగిండాది. బతుకుతాదిలే గానీ, ఇంక వినబడేది కష్టం" అన్నాడు డాక్టరు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అమ్మ కట్లు చూసి, "అది నీకేం అన్యాయం చేసినాదిరా?" అని లోపలికి పోయింది.

వెనక నిలబడి "మోతీ" అని పిలిచాను. కదల్లేదు. గట్టిగా అరిచాను. ఎంకటన్న కొట్టంలోనుంచి తొంగిచూశాడు గానీ మోతి తిరగలేదు.

ఎదురుగా పోయి చెయ్యి చాపాను. తోక ఊపుతూ లేచి వచ్చి, రొట్టె ఉందేమోనని నా అరచేయి నాకింది.