పిలిచింది నేను, విన్నది నువ్వు

జంతుశాస్త్ర విభాగం,
మూడో అంతస్తు, చివరి గది.
నవంబరు 12, మంగళవారం.

గంటకి,

ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం అడిగే పని నాకు లేదు. టీవీలో చూస్తున్నాం, పేపర్లో చదువుతున్నాం, పైగా మా వీధి మలుపులో గోడంతా నీ బొమ్మ వేశారు కాబట్టి రోజూ దాన్ని దాటుకునే పనికి వస్తున్నాను. కాస్త ఒళ్ళు చేశావు. గోడ మీద ఎక్కిస్తే ఎవరైనా లావుగానే కనిపిస్తారని మా అత్తగారన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, నిన్ను వెనకేసుకురావడానికి అన్నారో తేల్చుకోలేకపోయాను.

హాస్టల్లో నీకు గంట అనీ, నాకు సందేహం అనీ పేర్లు పెట్టినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో గానీ మనుషుల్ని బాగా చదివారు. నువ్వు నోరు తెరిస్తే నాలుగు గదులకు వినిపించేది. నేనేమో కూరలో ఉప్పు వేశానా లేదా అని పదిసార్లు ఆలోచించి, చివరికి వేయకుండానే దింపేసేదాన్ని. మూడేళ్ళుగా మన మధ్య మాటల్లేవు. అయినా ఆ పాత పేరుతోనే ఉత్తరం మొదలుపెట్టాను. అసలు పేరు రాస్తే నా లోపలున్నదంతా మర్యాదగా మారిపోతుందని భయమేసింది.

ముందు అదే చెప్పేస్తాను. నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. 'అసూయ' అని రాసి కొట్టేశాను. అది వ్యాసాల్లో వాడుకునే మాట. కడుపులో మండుతున్నది అది కాదు.

మన జమ్ముపిట్ట నీకు దొరికింది. గుప్పిట్లో ఇమిడే గోధుమరంగు పిట్ట, జమ్ము దుబ్బుల అడుగున నడుస్తూ బతికేస్తుంది, కంటికి కనపడదు, దొరికితే చెవికే దొరకాలి. మన మాస్టారు ఎప్పుడో రికార్డు చేసిన పిలుపు ఒక్కటే మన తరానికి మిగిలింది. రెండు గులకరాళ్ళు ఒకదానితో ఒకటి రాపాడినట్టు మొదలై, చివర టక్కుమని ఆగుతుంది. దాన్ని స్పీకర్లో వినిపించి, ఆపి, ఎక్కడినుంచైనా బదులొస్తుందేమోనని మన ఊరి మడుగులో, మోకాలిలోతు బురదలో చెవులు రిక్కించి నిలబడటమే మన వయసంతా చేసిన పని. జోరీగలు బదులిచ్చాయి, కప్పలు బదులిచ్చాయి. ఒకసారి గేదెల్ని తోలుకుపోయే ముసలాయన, ఏం పోగొట్టుకున్నారమ్మా అని అడిగాడు. పిట్టని అని నువ్వన్నావు. పంజరం తలుపు వేసుకోవద్దూ అని మందలించి పోయాడు. ఆ రోజు నవ్వీ నవ్వీ నువ్వు నీళ్ళలో కూలబడ్డావు.

తర్వాత నువ్వు ఉద్యోగం వదిలేసి ప్రచారంలోకి దిగావు. బడులకి వెళ్ళావు, బజార్లో మైకు పట్టుకున్నావు, పిట్టముక్కున్న టోపీ ఒకటి కుట్టించుకున్నావు. పిట్టని కాపాడటానికి కోతివేషాలు దేనికే అని నేనన్నాను. నీ వ్యాసాలు చదివేది నలుగురు, అందులో ఇద్దరు తప్పులు వెతకడానికే చదువుతారు అని నువ్వన్నావు. అప్పటినుంచి ఎవరి గట్టు వాళ్ళది.

మా ఇంట్లో ఇప్పుడు నీ రాజ్యమే. మా అమ్మాయి నీ పోస్టరు తన బల్లకి ఎదురుగా అంటించింది. కాళ్ళ రంగు తప్పు వేశారు, పసుపు కాదు ఆకుపచ్చ అని చెప్పాను. పిట్టకి లేని బాధ నీకెందుకమ్మా అంది. దానికి పన్నెండేళ్ళు. దానికి నేను పిట్టల గురించి చెప్పడం మొదలుపెట్టీ పన్నెండేళ్ళే. అది వినడం మొదలుపెట్టింది మాత్రం నువ్వు వాళ్ళ బడికి వచ్చిన రోజునుంచి. ఇక మా అత్తగారు. చెత్తసంచి కాలవలో పడేయకండి, అది మడుగులోకే పోతుంది అని కాపురానికి వచ్చినప్పటినుంచీ మొత్తుకుంటున్నాను. చెవిన పెట్టలేదు. నీ మాట విన్నాక సంచి పట్టుకుని రెండు వీధులు నడిచి డబ్బాలో వేసి వస్తున్నారు. దారిలో కాలవలో వేసేవాళ్ళని ఆపి తిట్టి మరీ వస్తున్నారు. ఇదేమిటండీ అంటే, ఆ పిల్ల చెబితే నాకే అర్థమైంది, నువ్వు చెబితే కట్టుకున్న మావాడికే అర్థం కాదు అన్నారు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

సంతోషించాలి కదా నేను. కాలవ బాగుపడితే మడుగు బాగుపడుతుంది. నా కళ్ళముందే బాగుపడుతోంది. అయినా ఆ సంచి గుమ్మం దాటిన ప్రతిసారీ నన్నెవరో గిల్లినట్టుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే సోమవారం మడుగు మీద విచారణ ఉందని నీకు నేను చెప్పక్కర్లేదు. పూడ్చి గోదాములు కడతామంటున్న కంపెనీ ఒకవైపు, అక్కడ జమ్ముపిట్ట పలికిందంటున్న నీ రికార్డింగు ఇంకోవైపు. ఆ రికార్డింగులో ఉన్నది జమ్ముపిట్టేనా కాదా చెప్పమని మున్సిపాలిటీవాళ్ళు నిపుణుల అభిప్రాయం అడిగారు. ఈ చుట్టుపక్కల ఆ పిలుపు తెలిసిన నిపుణులు నీ తర్వాత ఇంకెవరే? నేనే. నీ పేరు నిలబడేది, మడుగు మిగిలేది నా సంతకం మీద. దేవుడు తీరిగ్గా కూర్చుని నవ్వుకోవడానికే ఇలాంటివి కల్పిస్తాడేమో.

నువ్వు ఎప్పుడు, ఎక్కడ విన్నావో టీవీలో చెబుతుంటే నేను టీ కప్పు పట్టుకుని వింటున్నాను. పొగమంచు పట్టిన ఆ ఆదివారం తెల్లవారుతుండగా తూర్పు గట్టు మీద ఉన్నానన్నావు. నీ స్పీకరు ఆపేసి ఊపిరి బిగబట్టి నిల్చుంటే అవతలినుంచి వినిపించిందన్నావు. కళ్ళు తుడుచుకున్నావు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఎందుకంటే అదే ఆదివారం, అదే పొగమంచులో, పడమటి గట్టు మీద నేనున్నాను. మాస్టారి పిలుపు స్పీకర్లో వినిపిస్తూ. ఎందుకెళ్ళానంటే నీకన్నా ముందు వినాలని.

కలిసి తిరిగిన రోజుల్లో చెరో గట్టునా నిలబడితే, మీట నొక్కేముందు ఒకరికొకరం ఫోను చేసుకునేవాళ్ళం. నేను పెడుతున్నాను, నువ్వు లెక్కలోకి తీసుకోకు అని. మాటలు మానేశాక ఆ ఫోనూ మానేశాం. లోకంలో పిట్టలవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటిది. ఒకరి స్పీకరు విని ఇంకొకరు కన్నీళ్ళు పెట్టుకోవడం.

నువ్వు అబద్ధమాడావని అనడం లేదు. నువ్వు విన్నావు. పలికింది పిట్టా, నా స్పీకరు పెట్టా అన్నదే నా అనుమానం. నోరు మూసుకుని సంతకం పెట్టేశాననుకో. కంపెనీ లాయరు పక్కన ఇంకో నిపుణుడు కూర్చుంటాడు. మాస్టారి రికార్డు లైబ్రరీలో ఎవరడిగినా ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి వినిపిస్తాడు. హాలంతా నవ్వుతుంది. మడుగు పోతుంది. రేపు ఇంకో ప్రాణి గురించి ఎవరు మైకు పట్టుకున్నా జనం ఆ నవ్వే నవ్వుతారు. నీ వెనక టోపీలు పెట్టుకుని నడిచిన పిల్లలు ఆ నవ్వు వింటారు. అందులో మా పిల్ల ఒకతి.

పోనీ నేనే చెప్పాననుకో. అప్పుడూ మడుగు పోతుంది. స్నేహితురాలు పైకొస్తుంటే ఓర్వలేక చేసింది, కుళ్ళుబోతు మనిషి అంటారు. తప్పేముంది, అది నిజమేగా. నిజం చెప్పే నోట్లోనే కుళ్ళుంటే ఆ నిజాన్ని ఎక్కడ కడిగి తీసుకురావాలే?

వాళ్ళు పంపిన రికార్డింగు నా కంప్యూటర్లో ఉంది. టీవీవాళ్ళు సంగీతం పోసి పాడుచేసిన ముక్క కాదు, మొత్తం. ఇంకా వినలేదు. వినకముందే నీకు రాయాలనిపించింది, విన్నాక నా చెవుల్ని నేను నమ్మలేను. అవి నేను కోరుకున్నదే వింటాయి. ఏం కోరుకుంటున్నానో అదీ తెలియడం లేదు. అందులో నా స్పీకరు ఉండకూడదని పొద్దున దణ్ణం పెట్టుకున్నాను. మధ్యాహ్నం నీ ఇంటర్వ్యూ మళ్ళీ వేశారు. ఉంటే బాగుండుననుకున్నాను.

రేపు వింటాను. ఏం వినిపిస్తే అది ముందు నీకు, తర్వాత వాళ్ళకి. పిన్నికి ముద్దులు అని రాయమంది మా అమ్మాయి. రాశాను. అవి దానివి, నావి కావు.

ఇట్లు,
నీ గోడ దాటుకుంటూ రోజూ పనికి వచ్చే,
సందేహం

తా.క. బుధవారం మధ్యాహ్నం. కవరు అంటించలేదు, మంచిదైంది.

తలుపు గడియ పెట్టుకుని విన్నాను. మొదటి పిలుపు నా స్పీకరుదే. రెండోదీ నాదే. ఆ పాత రికార్డు చివర మాస్టారు దగ్గు ఆపుకున్న చప్పుడు కూడా నీళ్ళ మీదుగా నిన్ను చేరింది. అక్కడ ఆపి కుర్చీలో వెనక్కి వాలాను. దాచడం దేనికి, ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది.

తర్వాత మూడోది విన్నాను. నా పిలుపు నడుస్తుండగానే దాని మీద ఇంకో పిలుపు వచ్చి పడింది. నీ స్పీకరు ఆపేసి ఉంది. నాది ఒక్కటే రెండు గొంతులతో పలకలేదు. ప్రతిధ్వనేమోనని నాకూ అనుమానం వచ్చింది, రాకపోతే నేను సందేహాన్నెందుకవుతాను? కానీ ప్రతిధ్వని వెనక వస్తుంది. ఇది నా పిలుపు ముగియకముందే టక్కుమని తన మాట ముగించేసింది. గొంతు బొంగురు, మాస్టారి పిట్టకన్నా తొందరెక్కువ. మనిద్దరి మధ్య జమ్ములో ఉంది. నా స్పీకరు నా చెవి పక్కనే మోగుతోంది కాబట్టి నాకు వినపడలేదు. ఆ మోత ఆగేసరికి అదీ ఊరుకుంది.

సోమవారం నేనూ వస్తున్నాను. మొదటి రెండూ నావని వాళ్ళ లాయరుకన్నా ముందు నేనే చెబుతాను. మూడోది ఎవరిదో కూడా నేనే చెబుతాను. నువ్వు మధ్యలో అందుకోకు.

అది పలికింది నా పిలుపుకే. ఆ మాట నీకు బాగా తెలిసుండాలి. వినే అదృష్టం మాత్రం నీకు పట్టింది, ఈ జన్మకి నిన్ను క్షమించలేను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే చెప్పాలనిపించింది. అందుక్కూడా నీ మీద కోపంగా ఉంది.