లైకు కొట్టిన సాయిలు

ఆగస్టు 14, శుక్రవారం. ఉక్క తగ్గలేదు. పొద్దున గది ఏసీ ఫిల్టర్ కడిగి ఆరబెట్టాను.

ముస్లింలు తిండిలో ఉమ్ముతారన్న దొంగ వీడియో, ఈ దేశానికి పనికొచ్చిన మా జిల్లావాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగినప్పటి నుంచి, అలాంటి వాటికి జవాబులు పెట్టే పని మా వలస కార్మికుల సంఘం నాకు అప్పగించింది. ఈరోజు సంఘం పెద్ద నర్సన్న ఫోన్ చేశాడు.

"మన మెసేజులు పనిజేస్తున్నయా తమ్మీ? లైకులెన్నొచ్చినయో పంపు."

చూస్తే, ప్రతిదానికీ ముందుగా లైకు కొట్టింది మా గదిలో ఉండే సాయిలే. అదే గదిలో ఉండే కరీం వంట వంతు వచ్చినప్పుడల్లా బయట తిని వస్తున్నదీ సాయిలే. వేరే గది ఇమ్మని కరీం నిన్న, మా కార్మికుల క్యాంపులో గదులు చూసే క్యాంప్ బాస్‌ను అడిగాడు.

మధ్యాహ్నం కరీం పప్పు దించుతుంటే సాయిలు చెప్పులు వేసుకున్నాడు.

"లైకు కొడ్తవు గదరా, తినవేంది?" అన్నాను.

"పెద్దోనివి, నీ మొఖం జూసి కొట్టిన అన్నా."

కరీం గరిటె పట్టుకుని ఇటు తిరిగాడు. "ఉప్పు తక్కువైతె తిట్టు సాయిలూ. తినకుంట ఎట్ల తిడ్తవ్?"

సాయిలు తలుపు దగ్గరి నుంచి వెనక్కి వచ్చాడు. చెప్పులు విడవకుండానే ప్లేటు అందుకుని రెండు ముద్దలు తిన్నాడు.

"ఉప్పు తక్కువనే ఉంది," అన్నాడు.

కరీం నవ్వాడు. గది మారే మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నర్సన్నకు లైకుల లెక్క రాసి పంపగలను. కానీ మెసేజులు పనిచేశాయో లేదో మళ్లీ కరీం వంతు వచ్చినప్పుడే తెలుస్తుంది, అప్పటిదాకా ఆగమంటే నర్సన్న ఆగుతాడా? పంపేముందు ఒకసారి కరీంనూ అడగాలి.

కరీం పిలుస్తున్నాడు, గిన్నెలు కడగాలట.