తీయమన్నది మేమే, ఆపమన్నదీ మేమే

చెరువుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గరిడేపల్లి మండలం మా ఊరి చెరువులో గుర్రపుడెక్క తీయించవలెనన్న మా అర్జీని తమరు నిజంగానే మన్నించినందున కలిగిన ఆపద గురించి.

1. ప్రతి ఆదివారం పొద్దున ఈ చెరువులోని పిట్టలను, నీటి మొక్కలను చూసి లెక్క రాసే స్వచ్ఛంద బృందము మాది. జీతము లేదు, చాయ్ కలదు. ఇద్దరు చూసి ఒప్పుకుంటే తప్ప ఏ పిట్టనూ రాసుకోము.

2. గుర్రపుడెక్క తామరను మింగేస్తున్నదని నిరుడు అర్జీ పెట్టుకొంటిమి. "ఒక్క ఆకు మిగలరాదు" అని రాసినది నేనే. అర్జీలు ఎట్లాగూ కదలవన్న ధైర్యంతో కొంత గట్టిగా రాసితిని. తమరు కదిలించినారు. నిన్న యంత్రము కట్ట మీదికి వచ్చినది.

3. నిన్ననే ఆ గుర్రపుడెక్క మీద పొడుగుతోక నీటిపిట్ట గూడు కనబడినది. నాలుగు గుడ్లు. మా చెరువులో ఈ పిట్ట గూడు దొరకడం ఇదే మొదలు. మోకాలి లోతు బురదలో నేను గంతులు వేసితిని. దీనికి ఆఫీసు భాషలో మాట తెలియక అట్లే రాసినాను.

4. ఈ జాతిలో ఆడది గుడ్లు పెట్టి ఇంకో కాపురానికి పోవును. పొదుగుట, పెంచుట మగదాని వంతు. ఇది విన్నప్పటి నుండి మా సభ్యురాలు అచ్చమ్మ ఒడ్డున కూర్చుని లేవడం లేదు. "మొగోడు పిల్లలను సాకుడు నా జిందగీల సూడలే సారూ. మిషిన్ను జర ఆగమను, కండ్లార సూడనీ" అంటున్నది.

5. మరొక సభ్యుడు సక్రు తన ఆటోను యంత్రానికి అడ్డము పెట్టినాడు. ఇది నేరమైన పక్షమున, ఆటో బ్యాటరీ చెడిపోయినదని మనవి.

6. యంత్రం డ్రైవరు గణేష్‌ది మిర్యాలగూడ. "పిట్ట కోసం నా పని ఖతం జేస్తరా" అని లేచినాడు. ఒక్కసారి చూడమని బైనాక్యులర్ ఇచ్చితిమి. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు.

కావున పిల్లలు ఎగిరేదాకా గూడున్న మూలను విడిచి మిగతా చెరువును శుభ్రము చేయించవలెనని, "ఒక్క ఆకు" అన్న నా మాటను దయతో కొట్టివేసి చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
కృపాకర్, సైన్సు టీచరు

తాజా కలం: ఇది రాస్తుండగానే గుడ్లు పగిలినయి సార్. పిల్లలు అప్పుడే ఆకుల మీద నడుస్తున్నయి. సక్రు బ్యాటరీ కోసం పోయిండు. అచ్చమ్మకు కండ్లల్ల నీళ్ళు, ఏం కనబడుత లేదంటున్నది. గణేష్‌ను అడిగితే "ఆగుండ్రి సారూ, కదుల్తున్నయి" అంటడు గాని లెక్క చెప్పడు. నాకు నాలుగు కనబడినయి. రెండో మనిషి చూడందే రాసుకోలేను. తమరు జర వస్తరా?