పద్నాలుగు పిచ్‌ల దూరం

సస్కటూన్,
అక్టోబరు 9

ప్రియమైన రాజగోపాల్,

వేట లైసెన్స్ వచ్చినందుకు సంతోషం. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఏది కొనాలని అడిగావు. ఫోన్‌లో చెబితే నవ్వులాటలో కొట్టుకుపోతుందని కూర్చుని రాస్తున్నాను. డబ్బా మీద రెండు వేల గజాలని ఉంటే మురిసిపోకు. అది తళతళలాడే బోర్డుని కొలిచిన లెక్క. అది వదిలే లేజర్ కిరణం జింక ఒంటి మీద పడితే అంత బాగా తిరిగి రాదు. జింకని ఎంత దూరం నుంచి కొలుస్తుందో అడుగు. మీ వైపు కొండలు గనక వాలుని కూడా లెక్కగట్టేది తీసుకో. సాయంత్రం వెలుతురులో ఒకసారి అందులోంచి చూసి మరీ కొను.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నవంబరులో వేట నుంచి ఖాళీ చేతులతో వచ్చానని చెప్పానే, అది సగమే నిజం. మనిద్దరం గ్రౌండ్‌లో పెరిగినవాళ్లం, ఏ దూరాన్నయినా ఇరవై మీటర్ల క్రికెట్ పిచ్‌లతోనే కొలుస్తాం. మంచు పరుచుకున్న పొలం అవతల జింక కనబడింది. ఏడు పిచ్‌లు అనుకుని కాల్చాను. తూటా కిందికి దిగి కాలికి తగిలింది. చీకటిపడేదాకా నెత్తుటి చుక్కల వెంట నడిచాను, దొరకలేదు. మర్నాడు వెళ్లి అడుగులు లెక్కపెడితే పద్నాలుగు పిచ్‌లని తేలింది. మధ్యలో ఒక్క చెట్టయినా లేని ఆ తెల్లటి మైదానంలో నా కళ్లు సగానికి సగం మోసపోయాయి. మా ఆవిడ ఝాన్సీకి కూడా ఈ సంగతి చెప్పలేదు. రైఫిల్ అమ్మేస్తున్నాను. నువ్వు మాత్రం నీ కంటిని నమ్మకు.

నీ
చక్రధర్

సర్రీ,
నవంబరు 2

ఒరేయ్ చక్రీ,

నువ్వు చెప్పినట్టే కొన్నాను. షాపతను విసుక్కున్నా సాయంత్రం దాకా ఆగి, బయటికి తీసుకెళ్లి చూశాను. శనివారం, నాకు వేట నేర్పిస్తున్న వీరభద్రం గారితో కొండెక్కాను. లోయ అవతలి వాలు మీదికి పెద్ద కొమ్ముల జింక వచ్చి నిలబడింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఏడు పిచ్‌లు అనుకున్నాను. రేంజ్‌ఫైండర్ మీట నొక్కితే మూడువందల నలభై మీటర్లు. మళ్లీ నొక్కాను. అదే. అంత ఖాళీ నా ఎదురుగానే ఉండి నాకు కనబడలేదురా. నేను గురి తప్పకుండా కాల్చగలిగేది నూట యాభై మీటర్లే. రైఫిల్ పక్కన పెట్టి జింకనే చూస్తూ ఉండిపోయాను. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. ఒకసారి తలెత్తి నా వైపే చూసింది. ఇంత పెద్ద ప్రాణిని, ఇంత పెద్ద కొండని ఇన్నేళ్లలో ఎప్పుడూ నిజంగా చూడలేదనిపించింది.

"కాల్చవేంటయ్యా?" అని వీరభద్రం గారు గొణిగారు.

"దూరం అంకుల్" అన్నాను.

అది తీరిగ్గా మేసి, చెట్లలోకి వెళ్లిపోయింది.

రైఫిల్ అమ్ముకోవడం నీ ఇష్టం. ఝాన్సీకి మాత్రం చెప్పు. సిగ్గుపడి దాచుకున్న సంగతి నువ్వు నాకు రాయకపోయి ఉంటే ఆ రోజు నేను కాల్చేసేవాణ్ణి. ఆ జింక ఇంకా నాలుగు కాళ్ల మీద నడుస్తోంది.

నీ
రాజగోపాల్